మిలిట్రీ ప్యాంటు

మాధవ రావు పానం ఇడిశిండని కబురు రాంగనే దర్జీ సమ్మయ్య కోరుట్ల పోయిండు. సూది, దారం తెమ్మని మాధవ రావు భార్య రుక్మిణమ్మ చెప్పి పంపింది. పీనుగ పక్కన పాత మిలిట్రీ ప్యాంటు మడత పెట్టి ఉన్నది.

"ఇది తొడిగే పంపియ్యమన్నడు మీ సేటు. మంచాన పడి బక్కగైండు గద, నడుం వదులున్నది. జర పట్టియ్యి సమ్మయ్యా," అన్నదామె.

పెద్దకొడుకు గోపాల్ రావు అడ్డం తగిలిండు. "పోయినోళ్లకు కొత్త తెల్లబట్ట కడుతరమ్మా. గీ పాత ప్యాంటేంది? నలుగురు నవ్వరా?"

"సమ్మయ్యనే అడుగు."

సమ్మయ్య ఊకె మాట్లాడే మనిషి గాదు. "తొడగాలె బాబూ. నీకప్పటికి పాలపండ్లు గూడ ఊడలే," అని గోడకు ఒరిగి కూసున్నడు. ఆ సంగతి చెప్పిండు.

మాధవ రావు మేడిపల్లి దొరల ఇంట్ల పుట్టినా భూముల జోలికి పోలే. మిలిట్రీల చేరి బంగ్లాదేశ్ లడాయి చేసి అచ్చి, కోరుట్ల బజార్ల బట్టల దుకాణం పెట్టిండు. సిరిసిల్ల నుంచి తాన్లు తెచ్చేటోడు. ఏ తాను విప్పినా మొదటి ముక్క రుక్మిణమ్మకు కోసినంకనే బేరం. దుకాణం అరుగు మీద సమ్మయ్య కుట్టు మిషిను.

అడివిల అన్నలు, రోడ్డు మీద పోలీసులు ఉన్న దినాలవి. ఆకుపచ్చ బట్ట ఎవలు కుట్టినా అన్నలకేనని పోలీసుల అనుమానం. ఒకనాడు మాధవ రావు, "బొజ్జ అచ్చింది సమ్మయ్యా, జెండా పండుగకు తొడగాలె, వదులు జెయ్యి," అని తన ఆకుపచ్చ మిలిట్రీ ప్యాంటు ఇచ్చి సిరిసిల్ల పోయిండు. సమ్మయ్య దాన్ని తీస్కపోయి బజారు దిక్కు గోడకున్న మొలకు తగిలిచ్చిండు. పోలీసులు చూసిన్రు. "సేటుది సార్," అంటే ఇనలే. సమ్మయ్యను, ప్యాంటును జీపుల ఏసుకొని జగిత్యాల ఠాణకు తీస్కపోయిన్రు.

మాధవ రావు బస్సు దిగంగనే సంగతి తెలిసింది. బట్టల మూటలు బస్టాండ్లనే ఇడిశిపెట్టి జగిత్యాల బస్సెక్కిండు.

"నీదైతె తొడుగు చూద్దాం," అన్నడు స్టేషన్ల పెద్ద సారు.

తొడిగిండు. గుండీ కాడ రెండు వేళ్లు తక్కువైంది. పోలీసులంత నవ్విన్రు.

"లడాయప్పుడు పట్టింది సార్. మా ఇంటామె చేతి వంట తిని గిట్లయిన."

"మిలిట్రీ కాగితాలున్నయా?"

"ఇంట్ల ఉన్నయ్. రేపు తెస్త."

"అయితె వీడు రేపటిదాంక ఈన్నే ఉంటడు."

ఆ దినాల్ల రాత్రి ఠాణల ఉన్నోడు తెల్లారి ఇంటికి తిరిగస్తడన్న నమ్మకం లేదు. మాధవ రావు బల్ల మీద కూసున్నడు. "వాన్ని ఇడిశి నేను కదల. సూది దారం ఇప్పియ్యుండ్రి. మిలిట్రీ కుట్టు, లోపట బట్ట ఇడుస్తరు. ఈన్నే వదులు జేస్తడు, నాదో కాదో మీరే చూడుండ్రి."

సమ్మయ్య పోలీసుల దిక్కు చూసుకుంట కుట్టవట్టిండు. "సక్కగ కుట్టరాదూ, జెండా కింద నిలబడేది నేను, నువ్వు గాదు," అన్నడు సేటు. కుట్టినంక తొడిగి గుండీ పెట్టిండు. పట్టింది. కాళ్ల పొడుగు గూడ మడమ కాడ కొలిచినట్టు ఆగింది. మాధవ రావు నిటారుగ నిలబడి సెల్యూట్ కొట్టిండు. సారు ఎగాదిగా చూసి, "ఇద్దరు నడువుండ్రి," అన్నడు.

"కుట్టు వంకర పోయింది బాబూ. మల్ల కుడుతనంటే సేటు ఎన్నడు ఇయ్యలే," అన్నడు సమ్మయ్య.

గోపాల్ రావు ప్యాంటు తిరగేసి ఆ కుట్టు చూసిండు. సమ్మయ్య చేతికిచ్చిండు.

సమ్మయ్య పాత కుట్టు విప్పలే. దాని పక్కపొంటి ఇంకో కుట్టు ఏసి నడుం పట్టిచ్చిండు. గోపాల్ రావు తండ్రి నడుం కింద చేతులు పెట్టి లేపిండు. సమ్మయ్య గుండీ పెట్టిండు.