వామిలో తరగని గడ్డి

ఆ ఏడు పలమనేరులో వేసవి వానలు పడలేదు. జయంతి దగ్గరున్న ఎండుగడ్డి వామి రెండు ఆవులకు నెలన్నర వస్తుంది. పచ్చిగడ్డి లేవడానికి మూడు నెలలు పట్టేలా ఉంది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో జయంతి, ఆ రెండు ఆవులు గంగి, కర్రి తప్ప ఇంకెవరూ లేరు.

"తినే నోళ్లు సగమైతే గడ్డి రెండింతలు కాలం వస్తాది" అన్నాడు పాలకేంద్రం మునిశేఖర్. "ఒకదాన్ని అమ్మేయమ్మా. లెక్క సరిపోతాది."

లెక్కలో తప్పేమీ లేదు. పాకాల నుంచి రాజారత్నం అనే రైతు వచ్చి కర్రిని వ్యానెక్కించుకుని పోయాడు. మలుపు దాకా వెంట నడిచి, జయంతి ఉత్త పలుపుతో తిరిగొచ్చింది.

మర్నాడు గంగి గడ్డి ముట్టలేదు. కర్రిని కట్టిన గుంజ వైపే చూస్తూ అరిచింది. పశువుల డాక్టరు వచ్చి చూశాడు.

"జబ్బేం లేదమ్మా. తోడు పోయింది, దిగులు పెట్టుకునింది."

వారమైనా వామి తరగలేదు. మూడు నెలలేం ఖర్మ, ఏడాదంతా వచ్చేలా ఉంది. దాన్ని చూస్తుంటే జయంతికి భయమేసింది. రాజారత్నానికి ఫోన్ చేసింది.

"ఆవును మళ్లీ ఇచ్చేస్తావా అన్నా?"

"ఈడ మందలో కలిసిపోయిందమ్మా. మళ్లీ కదిలిస్తే అది తట్టుకోదు."

ఆ సాయంత్రమే జయంతి పక్కవీధి అక్కమ్మ ఇంటికి వెళ్లింది. అక్కమ్మకు మూడు ఆవులున్నాయి.

"గంగిని మీ కొట్టంలో కట్టుకో అక్కా. గడ్డి కూడా తెచ్చేస్తా."

"నా వామి అయిపోవచ్చింది. నాలుగు మేస్తే నీ గడ్డి మూడు వారాలకే అయిపోతాది కదా పాపా! ఆ పైన యాడ తెస్తాం?"

"అయిపోనీ. ముందు అది తిననీ."

అక్కమ్మ ఆమె ముఖంలోకి చూసి, "సరే, తోలుకురా" అంది.

గంగి కొత్త కొట్టంలో చాలాసేపు బిగుసుకుని నిలబడింది. పక్క ఆవు మెడ నాకాక, వంగి ఒక పరక అందుకుంది. అది నెమరు వేసేదాకా ఉండి జయంతి ఇంటికి వచ్చేసింది. పేడ లేకపోయినా కొట్టం ఊడ్చింది.

రెండు ఇళ్ల గడ్డీ అనుకున్నట్టే అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ చెరుకుతోటలకు వెళ్లి ఆకు కోసుకొచ్చి వానలదాకా నెట్టుకొచ్చారు. పచ్చిగడ్డి లేచాక కూడా జయంతి గంగిని వెనక్కి తోలుకురాలేదు. పొద్దున్నే వెళ్లి పాలు పితికి, అక్కమ్మ ఇచ్చే కాఫీ తాగి వస్తుంది. సాయంత్రాలు మాత్రం ఎంతకీ గడవవు.