బావగారి అలాస్కా

డాక్టర్ కృష్ణమోహన్ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగినవాళ్ళకి మొదట కనపడేవి కుక్కలు. గోడ పొడుగునా వేలాడదీసిన నలుపు తెలుపు ఫోటోల్లో జతలు జతలుగా మంచుబండ్లు లాగుతున్న కుక్కలు, ఆ బండ్ల వెనక గడ్డాలకి మంచు పట్టిన మనుషులు. డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల అప్పటికి ఓ నలభై తెలుగు కుటుంబాలుంటే, ఆ నలభై కుటుంబాలవాళ్ళూ ఏదో ఒక శనివారం చేతుల్లో పేపర్ ప్లేట్లతో ఆ గోడ ముందు నిలబడి ఆయన అలాస్కా కబుర్లు విన్నవాళ్ళే. ఆరువందల మైళ్ళ పందెం, మైనస్ నలభై చలి, కుక్కల వెంట తను పడ్డ పాట్లు.

"ట్రైల్ మీద మనిషికి మనిషి కనపడడండీ. మీరూ, మీ కెమెరా. అంతే," అనేవాడు.

ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మరదలు రేణు మెట్ల మీద కూర్చుని పెదవి విరిచేది. ఎందుకంటే ఆ ఫోటోలు కడిగేది ఆవిడే.

రేణు మొగుడితో పొసగక విడిపోయి, నాలుగేళ్ళ కిందట అక్క సుమతి దగ్గరికి అమెరికా వచ్చింది. స్పాన్సర్ చేసింది బావగారు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. కొత్తగా ఎవరింటికి వెళ్ళినా "మా రేణు. లైఫ్ మళ్ళీ సెట్ చేశాం" అని పరిచయం చేసేవాడు, పాత సోఫాకి గుడ్డ మార్పించినట్టు. రేణు ఒక ఫోటో స్టూడియో డార్క్‌రూమ్‌లో పనికి కుదిరి, వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంది. పని నేర్చింది ఏలూరులో, వాళ్ళ నాన్నగారి స్టూడియోలో. నెగటివ్ చేతికిస్తే తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో, ఎంత తొందరపడ్డాడో చెప్పగలదు.

బావగారి నెగటివ్‌లు చెప్పిన సంగతేమిటంటే, ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. వరసగా రెండేళ్ళు తెచ్చిన రీళ్ళలో ప్రతి బండి వెనకా ఎడమకి వాలిన ఒకే ఒక స్ప్రూస్ చెట్టు ఉండేది. "నూటయాభయ్యో మైలు" అన్నదాంట్లో ఆ చెట్టే, "నాలుగువందలో మైలు" అన్నదాంట్లో ఆ చెట్టే. ఒకదాంట్లో మూలన పొగగొట్టం కూడా పడింది.

"ఆ చెట్టు కొంచెం కట్ చేసెయ్ రేణూ, డిస్టర్బెన్స్‌గా ఉంది," అనేవాడు.

కట్ చేసేది. పైకి ఏమీ అనేది కాదు. ఆయన్ని తక్కువగా చూడ్డం ఆమెకి వారం పొడుగునా దొరికే ఒకే ఒక్క సుఖం. దాన్ని మాటల్లో పెట్టి పాడుచేసుకోవడం ఇష్టం లేదు.

1984 మార్చిలో ఆయన మూడోసారి బయల్దేరాడు. అప్పటికి ఆయనకి సుగర్ బాగా పెరిగింది. సుమతి చెల్లెలికి ఫోన్ చేసింది.

"నువ్వు కూడా వెళ్ళవే. ఒక్కళ్ళనే పంపాలంటే భయంగా ఉంది. ఊళ్ళోవాళ్ళందరికీ డైట్ చెప్తారు, తనకి మాత్రం ఎవరూ చెప్పకూడదు."

"నాకెందుకక్కా ఆ కుక్కల గోల?"

"ఫోటోలంటే నీకిష్టమేగా. ఆయన కెమెరాలు నాలుగున్నాయి, ఒకటి నువ్వు వాడుకో."

రేణు సెలవు పెట్టి వెళ్ళింది. అక్క కోసం అనుకుంది కానీ, ఆ చెట్టుని కళ్ళారా చూడాలన్న కోరిక కూడా లేకపోలేదు.

యాంకరేజ్‌లో దిగి, అక్కణ్ణించి చక్రాల బదులు చెక్కలు కట్టిన చిన్న విమానంలో ఒక గడ్డకట్టిన నది మీద వాలారు. ఒడ్డున పన్నెండిళ్ళ ఊరు. ఊరి బడిని పందెం రోజుల్లో చెక్‌పాయింట్‌గా వాడతారు. బండి తోలేవాళ్ళు అక్కడ ఆగి పేరు రాయించుకుని, కుక్కలకి తిండి పెట్టి, కాసేపు నిద్రపోయి వెళ్తారు. బడి గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో స్ప్రూస్ చెట్టు, ఎడమకి వాలి ఉంది.

"ఇదే కదా బావగారూ మన చెట్టు?"

"ఏ చెట్టు?" అన్నాడాయన, నిజంగానే గుర్తులేనట్టు. ఆయన చూపంతా తన పార్కా మీదుంది. చలికోటు నిండా కుట్టించుకున్న గుడ్డ బిళ్ళలు సరిగ్గా కనపడుతున్నాయో లేదో చూసుకుంటున్నాడు. ఆ పందెంలో పరిగెత్తేవాళ్ళెవరికీ అన్ని బిళ్ళలు లేవు.

రెండు రోజులు ఇలా గడిచాయి. ఆయన బడిలో పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చెక్‌పాయింట్ చూసుకునే మార్ఠా ఆ ఊరి టీచరు, అరవై ఏళ్ళ మనిషి. ఆవిడకీ, వచ్చేపోయే వాలంటీర్లకీ తను హార్ట్ డాక్టర్ననీ, డెట్రాయిట్‌లో పెద్ద పెద్ద కార్ల కంపెనీ అధికార్లు తన పేషెంట్లనీ చెప్పేవాడు. రేణు బయట నిలబడేది. దూరాన నది మలుపులో నల్లటి గీతలాగా కుక్కలు కనపడగానే లోపలికొచ్చి చెప్పడం ఆమె పని. అప్పుడాయన లేచి, కెమెరా మెళ్ళో వేసుకుని, బయటికొచ్చి, చెట్టు ముందు మోకాలి మీద కూచుని నాలుగు ఫోటోలు తీసి, మళ్ళీ లోపలికి. పొయ్యి పక్కన వెచ్చబడిన కెమెరాని ఒక్కసారిగా ఆ చలిలోకి తేకూడదని, తిరిగి లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తీసుకెళ్ళాలని రేణు రెండుసార్లు చెప్పింది.

"నాకు చెప్తున్నావా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె తన కెమెరాని బయటే, కోటు పైన ఉంచింది. రీలు మెల్లిగా తిప్పేది. ఆ చలిలో గబగబా తిప్పితే పుటుక్కున తెగుతుంది. ఆయనవి అప్పటికే రెండు తెగాయి. కంపెనీవాళ్ళు నాసిరకం రీళ్ళమ్ముతున్నారని తేల్చాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఒక బండి వచ్చింది. తోలేవాడి పేరు ఆర్నీ, యాభై దాటినవాడు, పందెంలో పద్నాలుగో స్థానం. పదకొండు కుక్కలు లాగుతున్నాయి. పన్నెండోది బండి మీద, సంచిలో తల ఒక్కటే బయటికి పెట్టి పడుకునుంది. కృష్ణమోహన్ పరిగెత్తుకొచ్చి మోకాలేశాడు. కెమెరా కంటికి పెట్టి, దించి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. అద్దం మీద తెల్లగా ఆవిరి గడ్డకట్టింది.

ఆర్నీ బండి ఆపాడు. కృష్ణమోహన్ లేచి చెయ్యి ఊపాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఒక్కసారి ఆ మలుపు దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తారా? ఈసారి రెడీగా ఉంటాను."

రేణుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆర్నీ ఆయన వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. కోప్పడ్డానికి తగిన మనిషి కూడా కాదన్నట్టు చూసి, బండి మీది సంచి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"నా కుక్క చచ్చిపోతోంది. వెట్ ఎక్కడ?" అన్నాడు మార్ఠాతో.

పశువుల డాక్టరు వెనక చెక్‌పాయింట్‌లో ఉన్నాడు. మంచు కమ్మి విమానం లేవలేదు. రేడియోలో మాట్లాడొచ్చు, అంతే. మార్ఠా కృష్ణమోహన్ వైపు తిరిగింది.

"మీరు డాక్టర్నని అన్నారుగా. రెండు రోజుల్నించీ అదే చెప్తున్నారు."

"నేను హార్ట్ డాక్టర్ని. మనుషులకి."

"దానికీ గుండె ఉంది," అంది మార్ఠా.

ఇప్పుడెలా జారుకుంటాడో చూద్దామని రేణు గోడకి చేరగిలబడింది. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే ఉంది ఆమెకి.

ఆయన జారుకోలేదు. పార్కా విప్పి కుర్చీ మీద పడేశాడు. చొక్కా చేతులు మడిచాడు. కుక్కని కిటికీ పక్కన దుప్పటి మీద పడుకోబెట్టించాడు. చిగుళ్ళు నొక్కి చూశాడు, తొడ లోపల వేలు పెట్టి నాడి చూశాడు, పక్కకి ఒరిగి దాని రొమ్ము మీద చెవి ఆనించాడు.

"ఒంట్లో నీళ్ళు లేవు. చల్లబడిపోయింది," అన్నాడు. "సెలైన్ ఉందా?"

వెట్ ముందుగా పంపిన పెట్టెలో ఉంది, కానీ బాగా చల్లగా ఉంది. మార్ఠా నీళ్ళు కాస్తానని లేచింది. ఆయన ఆగలేదు. సంచిని చొక్కా కింద పొట్టకి ఆనించుకుని రెండు చేతుల్తో అదుముకున్నాడు. చలికి మొహం మెలితిరిగింది. రేడియోలో వెట్ చెప్పినట్టు కుక్క ముందుకాలి మీద బొచ్చు గొరిగి, మొదటి పోటులోనే సూది నరంలోకి దించాడు. తర్వాత దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా. ఏమైందమ్మా నీకు. ఇటు చూడు. ఆఁ, అలాగ, నెమ్మదిగా," అంటున్నాడు, తెలుగులో, ఎవరి కోసమూ కాని గొంతుతో. అద్దాలు ముక్కు చివరికి జారినా చూసుకోలేదు. ఒంగిన తల మీద బట్టతల, చెవుల పక్క చెమట.

ఆ గొంతు రేణు నాలుగేళ్ళలో ఎప్పుడూ వినలేదు. ఆలోచించకుండానే, సంచిలో మూతి కట్టి లోపలికి తెచ్చుకున్న కెమెరా తీసి ఎత్తి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కింది. వెలుతురు చాలదు, చెయ్యి కదిలుంటుంది అనుకుంది.

గంటన్నరకి కుక్క తల ఎత్తింది. దాని పేరు టిల్లీ అట. ఆర్నీ వెళ్ళి కాఫీ కప్పు తెచ్చి ఆయన పక్కన నేల మీద పెట్టాడు. కృష్ణమోహన్ దాన్ని చూసి తలూపి, చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆ క్షణంలో ఆయన పక్కకి వెళ్ళి ఏదో ఒక మంచిమాట అందామనుకుంది రేణు. ఏమనాలో తేల్చుకునేలోగా ఆయనే తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తీశావా?"

"ఏంటి బావగారూ?"

"ఫోటో. నేను ట్రీట్ చేస్తున్నది."

రేణు ఆయన మొహం చూసింది. పాత మొహం మళ్ళీ వచ్చి కూర్చుంది.

"లేదు," అంది.

"అయ్యో. అదొక్కటీ తీయాలని తోచలేదా? సరే, ఇంకా వెలుతురుంది."

పార్కా తొడుక్కున్నాడు, బిళ్ళలు సర్దుకున్నాడు. పడుకున్న కుక్క తల ఎత్తి పట్టుకున్నాడు. ఆర్నీని పక్కన కూర్చుని బాధగా చూడమన్నాడు. ఆర్నీ లేచి, మిగతా కుక్కలకి తిండి పెట్టాలని బయటికెళ్ళిపోయాడు. అతని బదులు మార్ఠా చేత ఖాళీ సెలైన్ సంచి పట్టించాడు. ఆవిడ దాన్ని మాసిన సాక్సులాగా రెండు వేళ్ళతో పట్టుకుంది. ఆయన కెమెరాలోకి చూసి నుదురు ముడిచాడు. చెప్పినట్టే రేణు ఆరు ఫోటోలు తీసింది. ఆరూ శుభ్రంగా, స్పష్టంగా, అసహ్యంగా వచ్చాయి.

ఇంటికొచ్చాక ఆ ఆరింటిలో ఒకటి బేస్‌మెంట్ గోడకి ఎక్కింది, అన్నిటికన్నా పెద్ద సైజులో. ఆయనకి తెలియకుండా ముందు తీసిన ఫోటోని మాత్రం రేణు ఎవరికీ చెప్పకుండా తన కోసం ఒక ప్రింట్ తీసుకుని కాగితాల డబ్బాలో అడుగున పెట్టింది. దాన్నే ఇంకో ప్రింట్ తీసి మార్ఠాకి పోస్ట్ చేసింది. ఎందుకు దాచానని తనని తనే అడిగితే, ఆయన దాన్ని కూడా ప్రదర్శనకి పెడతాడని అని జవాబు చెప్పుకునేది. అది సగమే. ఆ ఫోటోలో ఉన్న మనిషిని తక్కువగా చూడ్డం కుదరదు. అతను గనక బావగారే అయితే, నాలుగేళ్ళుగా పెంచుకున్న ఏవగింపుని ఏం చేసుకోవాలి? మిగిలిన సగం అదీ.

జులైలో సుమతి అపార్ట్‌మెంట్‌కి వచ్చి, ఏదో కాగితం కోసం డబ్బా తెరిచింది.

"ఎవరే ఈయన?" అంది. తర్వాత మంచం అంచున కూర్చుండిపోయింది. ఫోటో వెలుతురుకి తిప్పి చూస్తూ, "గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలా ఉండేవారు," అంది. ఫోటో చీరకొంగులో చుట్టుకుని తీసుకెళ్ళింది.

వారం తర్వాత ఆయనకి చూపించిందట. "మొహం పడలేదు. వెలుతురూ చాల్లేదు," అని వెనక్కిచ్చేశాడట. రేణు అబద్ధం చెప్పిందన్న సంగతి కూడా ఆయనకి తట్టలేదు.

అక్టోబర్లో ఒక శనివారం పదిహేనుమంది వచ్చారు. పెద్ద ఫోటో ముందు కృష్ణమోహన్ కథ చెప్తున్నాడు. ఈసారి కుక్కకి సూది వేసింది బడిలో కాదు, ట్రైల్ మధ్యలో, మంచు తుఫానులో. కొత్తగా వచ్చిన రవికుమార్ అనే ఇంజనీరు, పాపం శ్రద్ధగా వింటున్నవాడు, అడిగాడు.

"ఇంతకీ ఆ కుక్క ఏమైందండీ?"

కృష్ణమోహన్ గోడ మీది ఫోటో వైపు చూశాడు. తెలియదు ఆయనకి. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

"బ్రహ్మాండంగా ఉంది. వచ్చే మార్చిలో దాన్నే ముందు కట్టి పరిగెత్తిస్తున్నారు. ఆర్నీ ఉత్తరం రాశాడు నాకు."

ఉత్తరం వచ్చింది రేణుకి, మార్ఠా దగ్గర్నించి. టిల్లీ ఇంక పరిగెత్తలేదని, ఆర్నీ దాన్ని పొయ్యి దగ్గరే ఉంచుకుంటున్నాడని, రేణు పంపిన ఫోటో అతనికిస్తే తనింట్లో గోడకి పెట్టుకున్నాడని రాసింది. రేణు ఆ ఉత్తరం అంతకుముందే అక్కకి చదివి వినిపించింది కూడా. ఇప్పుడు ఆయన జవాబు విని సుమతి ప్లేటు కింద పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక కృష్ణమోహన్ వంటింట్లోకొచ్చి రేణు చేతికి మూడు రీళ్ళిచ్చాడు. మిషిగన్‌లోనే ఎక్కడో చిన్న కుక్కల పందెం జరిగితే తీసినవి.

"తొందరేం లేదు, ఈ వారంలో ఇచ్చెయ్."

రేణు వాటిని బల్ల మీద పెట్టింది.

"ఇక మీ ఫోటోలు నేను కడగను బావగారూ."

"అదేంటి? ఏమైంది?"

"ఏం కాలేదు. కడగను."

"చూశావా సుమతీ, ఎలా మాట్లాడుతోందో. ఎవరు తీసుకొచ్చారు దీన్ని ఈ దేశానికి? ఎవరు..."

సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న సుమతి వెనక్కి తిరగలేదు.

"సౌత్‌ఫీల్డ్‌లో ఫోటోలు కడిగే షాపులు బోలెడున్నాయి," అంది. "రేపు మీరే వెళ్ళి ఇచ్చుకోండి."