ఒకరి చెయ్యి ఆగితే

నాకు భయం. ముందే చెప్పేస్తున్నాను. ఈ మీటింగుకి నన్ను ధైర్యవంతురాలని పిలిచి ఉంటే పొరపాటు పడ్డారు. ఆ రోజూ భయమే, ఇప్పుడూ భయమే. నేను భయపడకుండా ఉంటే సున్‌రేని వ్యాన్ ఎక్కించగలిగేవాళ్ళా?

పోయిన మార్చిలో మా వర్క్‌షాపు ముందు తెల్ల వ్యాన్ ఆగింది. మా దగ్గర పెట్టెలు మడిచే నలభై రెండేళ్ళ సున్‌రే తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని "నేను పనికొస్తాను, నేను పనికొస్తాను" అని ఒకటే అరుపు. ఇద్దరు మగవాళ్ళు ఆమె వేళ్ళని ఒక్కొక్కటే ఊడదీశారు. పెనుగులాటలో ఆమె చెప్పులు జారిపోయాయి. నేను వాటిని తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అంతే. ఇంకేం చెయ్యలేదు.

మాది రేవు వెనక పాత గోదాములో కింది అంతస్తు. పద్నాలుగు మంది పనివాళ్ళు, అందరూ పాతికేళ్ళు దాటినవాళ్ళే. కాగితాల్లో వాళ్ళ పేర్ల పక్కన 'ఎదుగుదల వైకల్యం' అని ఉంటుంది. చుసోక్ పంటల పండక్కి కానుకగా ఇచ్చే, తినే సముద్రపు నాచు రేకులకి పెట్టెలు మడుస్తారు. పక్కనుండి పని నేర్పడం, అవసరమైతే ఆసరా ఇవ్వడం నా ఉద్యోగం. పై అంతస్తులోనూ ఇలాంటి వాళ్ళే ఇరవై మంది, సంచులకి రంధ్రాలు కొట్టే మిషన్ల మీద పనిచేస్తారు. ఆ దడదడ రోజంతా మా నెత్తి మీదే.

మా బల్ల దగ్గర ఒక అలవాటుంది. ఎవరూ నేర్పలేదు, వాళ్ళే పెట్టుకున్నారు. పిల్గు అని ముప్పై ఆరేళ్ళవాడు. ఏదైనా కీచుమని మోగిందంటే వాడి చేతులు బిగుసుకుపోతాయి. అప్పుడు మిగతా పదమూడు మందీ పెట్టెలు కింద పెట్టి, అరచేతులు బల్లకి ఆనించి కూర్చుంటారు. ఎవరూ తొందరపెట్టరు. కాసేపటికి వాడే "ఆఁ, అయింది" అంటాడు. మళ్ళీ అందరూ మొదలెడతారు.

ఆగస్టులో పరీక్ష అన్నారు. మామూలు మనిషి పది నిమిషాల్లో ఎన్ని పెట్టెలు మడుస్తాడో అందులో సగమైనా మడవాలి. లేకపోతే పనికిరాడని రాస్తారు. ఇల్లున్నవాళ్ళు ఇంటికి. లేనివాళ్ళు కొండ మీది హోముకి, బయటి నుంచి తాళం వేసే చోటికి. సున్‌రే వెళ్ళింది అక్కడికే. పిల్గు వాళ్ళమ్మ చలికాలంలో పోయింది. ఇక వాడికెవరున్నారు?

డైరెక్టర్ యోమ్ నన్ను పిలిచి, "క్వాక్ టీచర్, సెప్టెంబరులో మీ కాంట్రాక్టు అయిపోతుందిగా. ఆ బల్ల దగ్గర ఆగిపోయే తంతు మాన్పించండి" అన్నాడు. మాన్పిస్తానన్నాను. నా నోటితోనే అన్నాను.

వారం రోజులు అదే పాఠం. "పక్కకి చూడొద్దు. ఎవరి పెట్టె వాళ్ళదే."

"మరి పిల్గు ఆగితే?" అంది ఒక్‌బున్. నలభై ఏడేళ్ళ మనిషి, మా అందరిలోకీ చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు.

"ఆగనీ. నువ్వు మడువు."

"ఆగనీ అంటే? సున్‌రే లాగా పోనీ అనా?"

బార్లీ టీ కప్పులు గాల్లోనే ఆగిపోయాయి. మార్చి నుంచీ ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

"వ్యాన్ వస్తుందా?" అన్నాడు తేషిక్. అందరిలో చిన్నవాడు, భయమేస్తే ఒకే మాట అంటూనే ఉంటాడు. "వ్యాన్ వస్తుందా? వ్యాన్ వస్తుందా?"

"రాదురా తమ్ముడూ. నేను ఆగను. అమ్మ మీద ఒట్టు" అన్నాడు పిల్గు. వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి.

ఒక్‌బున్ నా వైపు చూసింది. "టీచరూ, నీకూ భయమేనా? నేల చూపులు చూస్తున్నావే."

పరీక్ష రోజు బల్లలు విడదీసి దూరదూరంగా వేశారు. పరీక్ష పెట్టే ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. డైరెక్టర్ యోమ్ వాళ్ళ పక్కనే నిలబడ్డాడు. పెద్దాయన టైమర్ నొక్కాడు. అది కీచుమంది.

పిల్గు పళ్ళు బిగించి రెండు పెట్టెలు మడిచాడు. మూడోది సగంలో ఉండగా నిమిషం అయిందని టైమర్ మళ్ళీ అరిచింది. వాడి చేతులు బిగుసుకున్నాయి. నేను తల దించుకున్నాను. ఛీ, మళ్ళీ అదే పని!

తలెత్తేసరికి ఒక్‌బున్ పక్కకి చూస్తోంది. ఆమె ముందు అప్పటికే ఐదారు పెట్టెలు. ఆమె తప్పకుండా గట్టెక్కుతుంది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె చేతిలోది కింద పెట్టి, రెండు అరచేతులూ బల్లకి ఆనించింది.

"ఏంటమ్మా, చెయ్యి" అన్నాడు పెద్దాయన.

"పిల్గు ఆగాడు."

"అతని గోల నీకెందుకు? టైమ్ పోతోంది."

"పోనీ. టైమ్ ఎక్కడికైనా పోతుంది. పిల్గు ఎక్కడికి పోతాడు?"

తర్వాత ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. పద్నాలుగు మంది అరచేతులూ బల్లల మీదే. వాళ్ళకి భయం లేదనుకునేరు! తేషిక్ భయంతో ప్యాంటు తడుపుకున్నాడు. చేతులు మాత్రం తియ్యలేదు.

"అందరికీ సున్నా వేస్తాను!" అన్నాడు పెద్దాయన.

"వెయ్యి. పద్నాలుగు మంది ఆ వ్యాన్‌లో పట్టరు" అంది ఒక్‌బున్.

అప్పుడే పెరటి వైపు హారన్ మోగింది. కిటికీలోంచి చూశాను. తెల్ల వ్యాన్. పక్క తలుపు తెరిచే ఉంది.

"సార్, ఇంకా ఫలితమే రాయలేదు. వ్యాన్ ఎలా వచ్చింది?" అన్నాను యోమ్‌తో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

యోమ్ మొహం ఎర్రబడింది. "మీరే రెచ్చగొట్టారన్నమాట."

కాదని చెబుదామనే నోరు తెరిచాను. నిజం కూడా అదే కదా, నేను నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కానీ కాదనలేకపోయాను. వెళ్ళి సున్‌రే ఖాళీ కుర్చీలో కూర్చుని అరచేతులు బల్ల మీద పెట్టాను.

వ్యాన్ మనుషులిద్దరూ లోపలికొచ్చారు. ఒక్‌బున్ తన కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి పిల్గు పక్కన వేసుకుంది. అందరం అదే పని చేశాం. వాడి చుట్టూ కుర్చీల కోట లేచింది. యోమ్ పోలీసులకి ఫోన్ చేశాడు.

వాళ్ళు వచ్చి నన్నొక్కదాన్నే లేపారు. "మతిలేనివాళ్ళని రెచ్చగొట్టింది" అని యోమ్ చెప్పాడు.

"ఎవడ్రా మతిలేనివాళ్ళన్నది? మా అందరికీ మతుంది, నోరూ ఉంది!" అని ఒక్‌బున్ అరిచింది.

తేషిక్ తడి ప్యాంటుతోనే పోలీసుల చేతుల కిందుగా దూరి మెట్లెక్కి పరుగెత్తాడు. "పిల్గు ఆగాడు! పిల్గు ఆగాడు!" అన్న వాడి కేక పైకి పోతూ వినిపించింది.

నన్ను గుమ్మం దాటించేటప్పుడు చెప్పులు ఊడిపోయాయి. వెనక నుంచి ఎవరో వచ్చి కిందికి వంగారు. పిల్గు! ఆ కుర్చీల మధ్య నుంచి ఎప్పుడు లేచాడో! చెప్పులు చేత్తో పట్టుకుని నాలాగా నిలబడిపోలేదు వాడు. నా కాళ్ళకి తొడిగాడు. "టీచర్, నేను లోపలే ఉంటాను. వ్యాన్ ఎక్కను" అని చెప్పి, వెనక్కి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

నన్ను కారులో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఉన్నట్టుండి పై అంతస్తు దడదడ ఆగిపోయింది. రేవు మీద కొంగల అరుపు కూడా వినిపించేంత నిశ్శబ్దం.

"ఏంటి, కరెంటు పోయిందా?" అన్నాడు ముందు సీట్లో పోలీసు.

పై కిటికీలు చూశాను. అద్దాలకి అరచేతులు ఆని ఉన్నాయి, ఇరవై మందివీ.

"కరెంటు ఉంది సార్. చేతులు ఆగాయి" అన్నాను.