ఎవరినీ అడగకుండా కదిలిన ఊరు

ఆ ఊరి మున్సిపాలిటీకి కమిషనర్‌గా చేరిన రోజున ఆమెను మొట్టమొదట కలిసింది ఏటిగట్టు వార్డులో బట్టలు కుట్టే దర్జీ. మెడలో టేపు వేలాడుతుండగానే దుకాణం నుంచి నేరుగా వచ్చేశాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తను ఏ పనీ చేయించుకోవడానికి రాలేదని, కొత్త అధికారి వచ్చినప్పుడల్లా ఒక్క మాట అడిగి వెళ్లిపోవడం అలవాటని చెప్పాడు.

"ఈసారి ఏరు పొంగితే, లేచి పొండని మాకు ఎవరు చెప్తారమ్మా?"

పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వస్తుందని, రాగానే బండి పంపి మైకులో చెప్పిస్తామని ఆమె అంది. అతను ఓపికగా విని తలూపాడు.

"పోయినసారి ఉన్నాయన కూడా ఇదే చెప్పారు," అని వెళ్లిపోయాడు.

తర్వాత అటెండరు అసలు సంగతి చెప్పాడు. పోయినసారి వరదకి ఉత్తర్వు వచ్చింది గానీ, ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి చేరేలోపు నీళ్లే ముందు వచ్చాయి. దర్జీ తమ్ముడూ మరదలూ మూటాముల్లె సర్దుకుని, ఇంటికి తాళం కూడా వేసి, మున్సిపాలిటీ బండి వచ్చి చెబుతుందని గుమ్మంలో కూర్చుని ఎదురుచూశారట. వాళ్లకి భయం లేక కాదు. చెప్పకుండా వెళ్తే ఇంట్లో దొంగలు పడతారని, చెప్పాక వెళ్తే సర్కారు కాపలా పెడుతుందని నమ్మారు. ఆ గుమ్మం ఇప్పుడు లేదు.

ఆ మాట విన్నాక కమిషనర్ చాలా రోజులు, ప్రతి ఫైలూ ఎన్ని బల్లల మీద ఎన్నాళ్లు ఆగి వచ్చిందో చూశాకే సంతకం పెట్టేది.

ఏడాది తిరిగేసరికి సముద్రం అవతలి ఒక చిన్న దేశం వరద పనుల్లో ఆ ఊరితో పొత్తు పెట్టుకోవడానికి ముందుకొచ్చింది. వాళ్లకీ ఏటి ఒడ్డున ఊళ్లున్నాయి, వాళ్లూ మునిగి తేలినవాళ్లే. వాళ్ల తరఫున ఒక రిటైరైన ఇంజనీరు వచ్చాడు. మనిషి ఎంత పొడుగంటే, వచ్చిన రోజే ఆఫీసు గుమ్మానికి నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకున్నాడు. ఆ తర్వాత ఎంత ఎత్తు గుమ్మం కనిపించినా వంగే లోపలికి వచ్చేవాడు. ఊరంతా ఆయన్ని పొడుగాయన అనే పిలిచింది.

కౌన్సిలర్లు ఆయన కోసం పెద్ద వరద గోడ నమూనా తయారుచేసి ఉంచారు. పొడుగాయన దాన్ని శ్రద్ధగా చూశాడు, గోడ కట్టాల్సిందేనన్నాడు. కానీ ఆ మర్నాటి నుంచి ఏటిగట్టు వెంట ఇల్లిల్లూ తిరిగి, పక్కన ఒక దుబాసీని పెట్టుకుని, అందరినీ అడిగింది మాత్రం దర్జీ అడిగిన ప్రశ్నే. నీళ్లొస్తున్నాయని మీకు ఎవరు చెప్తారు? చెప్పేవాళ్లకి ఎవరు చెప్తారు? తిరిగీ తిరిగీ ఆయన కమిషనర్ గదికి వచ్చి, వంగి, కూర్చుని, మా ఊళ్లో కూడా చెప్పేదాకా ఆగినవాళ్లే పోయారమ్మా అన్నాడు. దుబాసీ ఆ మాటని మన భాషలోకి తెచ్చేలోపే ఆయన మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది.

ఆ ఏరు పుట్టింది పొరుగు దేశంలో. సరిహద్దుకి ఎగువన వాళ్ల పెద్ద డ్యామ్ ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే ఆ కబురు వాళ్ల రాజధానికి ఎక్కి, అక్కణ్ణుంచి ఈ రాజధానికి దాటి, మెట్టు మెట్టూ దిగి ఊరికి రావాలి. నీళ్లకి ఆ ప్రయాణం అక్కర్లేదు కదా. పొడుగాయన తన దేశం తరఫున డ్యామ్‌వాళ్లనీ ఊరి సిబ్బందినీ ఒకే గదిలో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చాడు. మొదటి రోజు అలిగిన వియ్యంకుల్లా ఎదురెదురుగా కూర్చుని, మంచినీళ్లు కూడా ఎవరివి వాళ్లే తాగారు. శిక్షణ ముగిసేసరికి ఒకరి ఫోన్లో ఒకరి నంబర్లున్నాయి. ఏటి పొడవునా నీటిమట్టం చెప్పే మీటర్లు దిగాయి. అవతలి డ్యామ్ ఇంజనీరుకి వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మన భాష కాస్త వచ్చు. ఆయన వెళ్తూ వెళ్తూ కమిషనర్‌తో, గేటు మీద చెయ్యి వేసేముందు మీకు ఫోన్ చేస్తానని నమ్మకంగా చెప్పాడు.

మిగిలింది, ఊళ్లో ఆ మాట ఎవరు చెప్పాలన్నది. ఇది గోడ కంటే కష్టమైంది. కౌన్సిల్లో నెలల తరబడి వాదించుకున్నారు. చివరికి ప్రతి వార్డూ తన మనిషిని తనే ఎన్నుకోవాలని, ఆ మనిషి పై అధికారి ఎవరినీ అడగకుండా సైరన్ మోగించి వార్డు ఖాళీ చేయించవచ్చని తీర్మానించారు. పై ఆఫీసరు మండిపడ్డాడు. రేపు ఎవడో తిక్కలోడు ఊరంతా రోడ్డు మీదకి ఈడుస్తే ఎవరిది పూచీ అని అడిగాడు. తనది అని కమిషనర్ చెప్పింది. ఏటిగట్టు వార్డువాళ్లు దర్జీని నిలబెట్టారు. అతను వద్దంటున్నా వినలేదు. సైరన్ గది తాళంచెవి అతని చేతికొచ్చింది. వార్డు మనుషులందరి నంబర్లూ డ్యామ్‌కి చేరాయి.

ఆ వానాకాలమే పరీక్ష ఎదురైంది. ఎగువ నుంచి నీళ్లు ఎక్కువగా రావచ్చని కబురు రాగానే దర్జీ సైరన్ మోగించాడు. వార్డంతా పిల్లాజెల్లాతో, కోళ్లతో, వంటగిన్నెలతో గుట్ట మీది కాలేజీకి ఎక్కింది. కమిషనర్ ఉండే క్వార్టర్సు కూడా ఆ వార్డులోనే. ఆమె అత్తగారు మాత్రం మంచం దిగలేదు. "వయసులో ఉన్నవాళ్లు పరిగెత్తండి, నేను నిదానంగా వెనకాలొస్తా," అని దుప్పటి ముసుగేసుకుంది. రానేలేదు. నీళ్లూ రాలేదు. గట్టు అంచుదాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తగ్గాయి.

ఇక ఊరు దర్జీని ఉతికి ఆరేసింది. పొయ్యి మీద పాలు మాడిపోయాయని ఒకామె, మెట్లెక్కి నడుం పట్టేసిందని ఒకాయన. పై ఆఫీసరు ఫోన్ చేసి, ముందే చెప్పాను కదా, ఆ అధికారం వెంటనే వెనక్కి తీసుకోండి అన్నాడు. కౌన్సిల్ ఓటేసి ఇచ్చింది కాబట్టి తీసుకోవాలన్నా కౌన్సిలే తీసుకోవాలని, కావాలంటే తనను బదిలీ చేయొచ్చని ఆమె వినయంగానే చెప్పింది. ఫోన్ పెట్టేశాక చూస్తే గుమ్మంలో దర్జీ. తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నా వల్ల కాదమ్మా. వీధిలోకి వెళ్తే తలెత్తుకోలేకపోతున్నా."

"ఎంతమంది తిట్టారు మాస్టారూ?"

"అందరూ."

"అందరూ ఉన్నారుగా మరి. మీ దగ్గరే ఉంచుకోండి," అని ఆమె తాళంచెవి అతని వైపు జరిపింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. కాలేజీకి ఎక్కడం ఎలా తేలికవుతుందో వార్డువాళ్లతో కూర్చుని మాట్లాడుతున్నాడని తర్వాత విన్నది. ఆమె కల్పించుకోలేదు. పొడుగాయన కూడా పని ముగించుకుని తన దేశం వెళ్లిపోయాడు.

రెండో ఏడు వానలు విడవకుండా కురిశాయి. కమిషనర్ ఒక సమావేశం కోసం రాజధానిలో ఉంది. తెల్లవారుతుండగా ఫోన్ మోగింది. డ్యామ్ ఇంజనీరు. గొంతు నిదానంగానే ఉంది గానీ, మన మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుని చెబుతున్నాడు. ఇంత నీరు తన సర్వీసులో చూడలేదన్నాడు. వార్డుల వాళ్లకి ముందే చెప్పేశామన్నాడు.

"ఆపగలిగినంతసేపు ఆపుతాం. తర్వాత వదలక తప్పదమ్మా."

ఆమె వెంటనే దర్జీకి చేసింది. కలవలేదు. ఆఫీసుకి చేసింది. ఎక్కడా కలవలేదు. టవర్లు పడిపోయాయని ఎవరో అన్నారు. జీపు ఎక్కింది. దారంతా అవే నంబర్లు మళ్లీ మళ్లీ కలుపుతూనే ఉంది. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా వంతెన కనిపించలేదు. వంతెన ఉండాల్సినచోట ఎర్రటి నీరు అటూ ఇటూ రెండు గట్లనీ కలిపేసి పరుగెడుతోంది. ఒక చేపలవాణ్ణి బతిమాలి పడవెక్కింది.

మధ్యాహ్నం దాటాక పడవ ఏటిగట్టు వార్డులోకి దూరింది. వీధి దీపాలు నీళ్ల మీంచి మెడలు చాచి ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఆమె డాబాల వైపు చూసింది. ఏ డాబా మీదా ఎవరూ లేరు. చెట్ల మీద లేరు. చెయ్యి ఊపేవాళ్లు లేరు, కేకలు లేవు, ఏడుపులు లేవు. తెడ్డు చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఊరంతా ఒక్కసారే కొట్టుకుపోయిందా అన్న ఆలోచన వచ్చి, పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కనిపించింది. ఒక తలుపు పైన, నీటికి జానెడు ఎత్తున, ఎర్రటి గుడ్డపీలిక కట్టి ఉంది. పక్కింటికి పచ్చది. ఆ పక్కింటికి చారలది. దర్జీ దుకాణంలో మిగిలిన ముక్కలు. ఎదురు వరసలో ప్రతి తలుపుకీ, ప్రతి కిటికీ కమ్మీకీ ఒకటి. తలుపులు వేసి ఉన్నాయి. ఏ ఇల్లు ఖాళీ అయిందో తెలియడానికి వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న గుర్తు అది. ఎవరూ నేర్పలేదు. పొడుగాయన చెప్పిన పాఠాల్లో లేదు, కౌన్సిల్ తీర్మానంలో లేదు. పడవ మలుపు తిరిగింది. ఆ వీధిలోనూ అంతే. కనుచూపుమేర తలుపుల మీద రంగురంగుల పీలికలు తడిగాలికి కదులుతున్నాయి. పీలిక లేని ఇంటి కోసం ఆమె కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. దొరకలేదు.

తన క్వార్టర్సు ముందుకి రాగానే పడవ ఆపమంది. గుమ్మం పైన కట్టింది దర్జీ దుకాణం గుడ్డ కాదు. చిన్న చిన్న నీలం పువ్వులది. అత్తగారి దుప్పటి. అంచు చింపి రెండు ముళ్లు వేసి ఉంది. ఆమె పడవలోంచి లేచి నిలబడి ఆ ముళ్లని వేళ్లతో తాకింది. పడవ ఒరుగుతుంది కూర్చోమ్మా అని పడవవాడు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గుట్ట మీద కాలేజీ మైదానం నిండా ఊరు ఉంది. నిజంగానే ఊరంతా. ఏ వార్డువాళ్లు ఆ వార్డుగా, ఇరుగుపొరుగు అలాగే, మధ్యలో గోడలు లేవంతే. క్లాసు గదుల్లో ఆసుపత్రి రోగులు పడుకున్నారు, సెలైన్ సీసాలు నల్లబల్ల మేకులకి వేలాడుతున్నాయి. పోలీసులు లాకప్పులోంచి తెచ్చినవాళ్లే వరసగా నిలబడి నీళ్ల బిందెలు అందిస్తున్నారు. తల్లులు పక్క పిల్లలకీ కలిపి అన్నం పెడుతున్నారు. ఎవరూ తోసుకోవడం లేదు. ఎవరూ ఆమె రాక కోసం ఎదురుచూస్తున్నట్టూ లేరు. ఒకరిద్దరు నమస్కారం పెట్టి మళ్లీ పనిలో పడ్డారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో ఉత్తర్వులిచ్చింది. ఏ ఉత్తర్వూ ఇలాంటి పని చెయ్యగా చూడలేదు.

అత్తగారు ప్రిన్సిపాల్ కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. ఎలా వచ్చారత్తయ్యా అని కోడలు అడిగితే మూతి ముడిచింది.

"నేను లేవకపోతే తనూ లేవనని ఆ దర్జీ మన గుమ్మంలో చతికిలబడ్డాడమ్మాయ్. నీళ్లు అతని మడమల దాకా వచ్చేశాయి. ఏం చెయ్యను, పరాయి బిడ్డని ముంచుతానా? దుప్పటి కూడా నా చేతే చింపించాడు."

కోడల్ని ఎగాదిగా చూసి, "అయినా నువ్వు లేకపోయినా ఊరు నడుస్తోంది. ఇకనుంచి పొద్దుండగానే ఇంటికి రా," అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కమిషనర్ కూడా నవ్వబోయి, నవ్వు రాక కళ్లు తుడుచుకుంది.

దర్జీ మెట్ల మీద కూర్చుని తడిసిన కాళ్లు ఆరబెట్టుకుంటున్నాడు. ఆమె వెళ్లి పక్కనే కూర్చుంది. ఏటిగట్టులో చాలా ఇళ్లు నిలవవని, తన కుట్టుమిషను పోయినట్టేనని, రెండు ఆవులు తాళ్లు తెంపుకుని వెళ్లిపోయాయని చెప్పాడు. మనుషులందరినీ ఇల్లిల్లుగా పిలిచి సరిచూసుకున్నామని, అందరూ ఉన్నారని చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. తర్వాత కిందికి, నీళ్లున్న వైపుకి చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడి గుమ్మం ఎటువైపుండేదో ఆమెకీ తెలుసు.

సాయంత్రం కాకముందే వాన వెలిసింది. టెలిఫోన్ శాఖవాళ్లు గుట్ట మీద ఏదో వైరు కలిపేసరికి కమిషనర్ చేతిలో ఫోన్ మోగింది. డ్యామ్ ఇంజనీరు. గొంతు బొంగురుపోయింది. పొద్దున మాట్లాడినప్పటి నుంచి మీకే ప్రయత్నిస్తున్నామన్నాడు. గేట్లు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా ఎత్తామని, వెనక నీరు పెరిగి తమ సిబ్బంది ఇళ్లు మునిగినా ఆగామని, అంతకుమించి ఆపితే డ్యామే తెగేదని చెప్పాడు. క్షమించమని అడుగుతున్నవాడిలా చెప్పాడు. ఇక్కడ ఊరు గుట్ట ఎక్కుతున్నంతసేపూ, ఎన్నడూ చూడని మనుషులు అక్కడ తమ ఇళ్లు నీళ్లకి వదిలేసి, వీళ్ల కోసం గేట్ల దగ్గర నిలబడ్డారన్నమాట.

అతను అడగలేక అడిగాడు.

"మీవాళ్లు... ఎంతమంది పోయారు?"

"ఎవరూ పోలేదు," అంది. వినపడలేదేమోనని మళ్లీ చెప్పింది. "అందరూ ఉన్నారండీ. నా ముందే ఉన్నారు."

అతను ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో వాళ్ల భాషలో ఏదో అనడం వినిపించింది. ఆ గదిలో ఎంతమంది ఉన్నారో గానీ ఒక్కసారిగా హోరెత్తింది. కుర్చీలు జరిగాయి, బల్లలు చరిచారు, ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. ఒక్క మాట కూడా ఆమెకి తెలిసిన భాష కాదు.

ఏమంటున్నారమ్మా అని దర్జీ అడిగాడు. ఆమె ఫోన్ అతనికి అందించింది. అతను చెవికి ఆనించుకున్నాడు. మెట్ల మీద అలాగే, కదలకుండా, అటువైపు ఆ సందడి సద్దుమణిగేదాకా వింటూ కూర్చున్నాడు.