సముద్రానికి తోక చూపిన రేకుపుంజు

నేను ఒక రేకు కోడిపుంజుని. చీరాల పాత సంత వీధిలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు నడిపే చింతా భూషణం నాకు చేసిన అన్యాయం ముందు చెప్పుకుని, ఆ తర్వాతే నా పుట్టుక సంగతికి వస్తాను. మనుషులు ఏ కథ మొదలుపెట్టినా ముందు తమ గొప్ప చెప్పుకుంటారు. వాళ్ళ మధ్య ఇన్నాళ్ళు బతికినా నాకు ఆ అలవాటు పూర్తిగా అంటలేదు. కొంచెం అంటింది. అది మీకే తెలుస్తుంది.

భూషణం తన చేత్తో ఒక్క వస్తువు చేసి ఎరగడు. లారీలోంచి దించుతాడు, దారాలకు వేలాడదీస్తాడు, అమ్ముతాడు. అందులో తప్పేమీ లేదు, అందరూ అన్నీ చెయ్యలేరు. కానీ అలాంటి మనిషి నా ముందు నిలబడి, "దీనికి మర్యాద తెలీదు" అన్నాడు. నా తోక ఆయన గల్లాపెట్టె వైపు తిరుగుతోందట. ఒక రేకుముక్క తోక మీద పగబట్టి, దాన్ని చేసినవాడి కాళ్ళ కింద నేల లాగేసుకున్నాడు. అదీ నా ఫిర్యాదు.

ఇక నా పుట్టుక. మొదట నేను నూనె డబ్బాని. బజ్జీల బండి దగ్గర ఖాళీ అయి దస్తగిరి కొట్టుకు చేరాను. దస్తగిరిది రేకుపని. గరాటాలు, బియ్యం డబ్బాలు, నీళ్ళ తొట్లు, దాణా పళ్ళేలు. ఐదో తరగతిలో బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్నాడు, జుట్టు నెరిసినా ఆ చోటు నుంచి లేవలేదు. ఆ చోటుకీ ఒక కథ ఉంది. భూషణం తండ్రి గోడౌనుకు దస్తగిరి తండ్రి కూలి అడగకుండా రేకుల కప్పు వేసిపెట్టాడు. బదులుగా ఆ పెద్దాయన గోడౌను గోడ పక్కన ఒక మూల చూపించి, "మీ సుత్తి చప్పుడు వినపడినన్నాళ్ళు ఇది మీదే" అన్నాడు. కాగితం రాసుకోలేదు. ఇద్దరూ చెయ్యి చెయ్యి కలుపుకున్నారు, సోడా తాగారు, పని అయిపోయిందనుకున్నారు.

నేను చేరేసరికి ఆ సుత్తి చప్పుడు బాగా తగ్గిపోయింది. వీధికి అవతలి పక్క, అంటే తూర్పున, భూషణం కొట్టు ముందు ఆకుపచ్చ, నీలం బకెట్లు పెళ్ళిపందిరి తోరణాల్లా వేలాడేవి. దస్తగిరి పొద్దస్తమానం వాటిని చూసి తిట్టుకునేవాడు.

"ఆ బకెట్ కాడ ఎండాకాలం దాటితే నా పేరు మార్చుకుంటా."

"మార్చుకో. కొత్త పేరుకన్నా బేరాలొస్తయ్యేమో చూద్దాం" అనేది భార్య సైదమ్మ, అన్నం క్యారేజీ అతని ముందు పెడుతూ.

ఈ మాట ఆమె నవ్వకుండా అనేది. అతను నవ్వకుండా వినేవాడు. ఆ కొట్టులో టంకానికి నిప్పు రాజేసేవాళ్ళు గానీ, నవ్వేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం బేరం తగల్లేదు. ఊరికే కూర్చోలేక నన్ను గరాటా చేద్దామని కత్తెర పెట్టాడు. సగం కోసి ఆగాడు. ఆ వంపులో అతనికి ఏం కనపడిందో నాకు తెలియదు. గరాటా కావలసిన కోత ఇంకొంచెం తిరిగి కోడి మెడ అయింది. ఆపైన ఆగలేదు. పాత బిస్కెట్ డబ్బా ఎర్రమూత కోసి జుట్టు పెట్టాడు. రెండు సోడామూతలు కళ్ళయ్యాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. అందుకే ఇప్పటికీ నేను ఒక కంటితో ఆకాశాన్ని, ఒక కంటితో వీధిని చూస్తాను. నూనె డబ్బా మీది అచ్చు నా రొమ్ము మీదే ఉండిపోయింది, "శుద్ధమైనది" అని, తలకిందులుగా. చదువుకున్నవాళ్ళు నన్ను చదవాలంటే మెడ వంచాల్సిందే. అది నాకు చాలా ఇష్టం.

తోక దగ్గర మాత్రం అతనికి ఉత్సాహం హద్దు మీరింది. పెట్టెలకు బిగించే ఇనప పట్టీలు ఏరి, ఒక్కొక్కటీ సుత్తితో వంచి, మధ్యలో సందులు వదిలి విసనకర్రలా అతికించాడు. గాలి తగిలితే గలగలమనే తోక. ఆ తర్వాత నన్ను చూపుడువేలి మీద నిలబెట్టి, అటూ ఇటూ జరిపి, ఎక్కడ ఒరగకుండా ఆగానో అక్కడ బెజ్జం కొట్టాడు. బకెట్‌కి కాడ పెట్టేవాడు ఎప్పుడూ బరువు తూచే బెజ్జం పెడతాడు. అతని తండ్రి నేర్పింది అదే. పాత సైకిల్ పెడల్ ఇరుసు ఆ బెజ్జంలో బిగించి, ఇనపచువ్వకు తగిలించి, కొట్టు కప్పు మీద నన్ను నిలబెట్టాడు.

గాలికి ఎదురు నిలిచే పుంజు కావాలని అతని ఆశ. సాయంత్రం అవుతుండగా సముద్రపు గాలి వచ్చింది. నేను గిర్రున తిరిగి, తూర్పుకి తోక చూపించి ఆగాను.

దస్తగిరి చేత్తో నన్ను ఇటు తిప్పాడు. నేను మళ్ళీ అటే తిరిగాను. ఇంకోసారి తిప్పాడు. నా తప్పు కాదు. తోక బరువెక్కువ కనుక బెజ్జం వెనక్కి పోయింది. తోకలో సందుల్లోంచి గాలి జారిపోతుంది, ముందున్న వెడల్పాటి రొమ్మునేమో నెట్టేస్తుంది. అతను బరువు చూశాడు, గాలిని చూడలేదు. బకెట్‌కి గాలితో పనేముంది?

కింద క్యారేజీ సర్దుకుంటున్న సైదమ్మ తల పైకెత్తింది.

"ఏమయ్యో, నీ పుంజు సముద్రానికి ముడ్డి చూపిస్తంది."

"గమ్మునుండు. దించి సరిచేస్తా."

"సరిచేసేదేంది, అచ్చం నీలాగే ఉంటేను. ఎవురన్నా ఎదురొస్తే అటు తిరిగి కూర్చుంటవు గదా నువ్వు కూడా."

అని నవ్వింది. పైటకొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని, కళ్ళెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దస్తగిరి నిచ్చెన మీద ఒక కాలు, కప్పు మీద ఒక కాలు పెట్టి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత నన్ను దించలేదు. గొప్ప చెప్పుకోను అన్నాను గానీ, ఇది చెప్పుకోక తప్పదు. ఆ కొట్టులోకి నవ్వు తెచ్చింది నేను.

వారం తిరిగేసరికి నేను వీధిలో ఒక మనిషినయ్యాను. పక్కన ఎండుచేపలు అమ్మే ఆదెమ్మకు నాతో నిజంగా పని పడింది. సముద్రపు గాలిలో చెమ్మ ఉంటుంది, చేపలు మెత్తబడతాయి. నా తోక తూర్పుకి తిరగ్గానే ఆమె గోనెపట్టా కప్పేసేది. "అన్నా, నీ కోడి మాట ఇంట్లో మా ఆయన మాట కన్నా నయం" అనేది దస్తగిరితో. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నన్ను చూసి, పక్కవాళ్ళకు చూపించి, ఇద్దరూ కలిసి నవ్వుకుని ఎక్కేవాళ్ళు. ఎక్కాక కూడా కిటికీలోంచి చూసేవాళ్ళు. మనుషులు విచిత్రమైనవాళ్ళు. సరిగ్గా పనిచేసేదాన్ని పట్టించుకోరు, కొంచెం వంకరగా ఉన్నదానితో చుట్టరికం కలుపుకుంటారు.

దస్తగిరికి ఒక అలవాటు పట్టుకుంది. రోజూ కొట్టు కట్టేముందు, పొయ్యిలో నిప్పు ఆరేలోగా, పనికిరానిది ఒకటి చేసేవాడు. మిగిలిన తుక్కురేకుతో ఒక కప్ప. నోట్లోంచి నీళ్ళు పోసే ఏనుగు తల. వాలిపోయిన మీసాలతో ఒక పిల్లి, ఆ మీసాలు సైకిల్ ఊచలు. మొదట్లో చూరుకి వేలాడదీశాడు. తర్వాత ఎవరో ఏనుగు తలని తమ నీళ్ళడబ్బాకి అతికించమన్నారు. ఇంకెవరో దాణాపళ్ళెం అంచుకి కప్పని పెట్టమన్నారు. బకెట్లను తిట్టడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియదు. తిట్టడానికి తీరిక లేదు, పిల్లి చెవులు కుదరడం లేదు.

భూషణం మాత్రం రోజూ సాయంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చునే వేళకి ఎదురుగా నా తోకే చూడాల్సి వచ్చింది. బేరానికి వచ్చినవాళ్ళు ఆయన వీపు వెనక నవ్వుతున్నారని మొదట అనుకున్నాడు. తర్వాత ముందే నవ్వారు. ఒక రోజు వీధి దాటి వచ్చాడు.

"ఏం దస్తగిరీ, మా కొట్టు మీద ఏందయ్యా నీకంత కోపం?"

"కోపమెందుకు శెట్టిగారూ."

"మరి ఆ తోక? దీనికి మర్యాద తెలీదు."

"అది గాలిని బట్టి తిరుగుద్ది. మీ కొట్టు గాలొచ్చే వైపుంది. గాలికి చెప్పండి."

ఆదెమ్మ గోనెపట్టా కప్పుతూ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే పని చెడగొట్టిందని నాకు ఇప్పటికీ అనుమానం. భూషణం మొహం ఎర్రబడింది.

"చూడు, మా నాన్న ఏదో నోటిమాటగా ఇచ్చిన జాగా ఇది. నేనేమీ అనకుండా ఊరుకున్నా ఇన్నాళ్ళూ. రేపటికల్లా దాని మొహం నా వైపు తిప్పు. తిప్పకపోతే జాగా ఖాళీ చెయ్యి. రెండే మాటలు."

వీధి అవతలికి వెళ్ళిపోయాడు. దస్తగిరి చాలాసేపు టంకం కాల్చే ఇనప్పుల్లని నిప్పుల్లో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత నిచ్చెన వేసి నన్ను దించాడు. నాకు భయం వేయలేదంటే అబద్ధం. పని చిన్నది. పాత బెజ్జం టంకంతో పూడ్చి, మెడ దగ్గర కొత్తది కొడితే చాలు. భూషణానికి మొహం చూపించే బుద్ధిమంతుణ్ణయ్యేవాణ్ణి. ఆ మూల దక్కేది. తండ్రి కూర్చున్న చోటు, రేకు ఆనించి కొట్టే దాగలి దిమ్మ దిగిన చోటు, వాళ్ళ కంచంలోకి అన్నం వచ్చే చోటు.

కొత్త బెజ్జానికి గుర్తు పెట్టాడు. మేకు ఆనించాడు. సుత్తి ఎత్తాడు.

"కొట్టు మరి" అంది సైదమ్మ. ఆమె గొంతులో నవ్వు లేదు. "జాగా పోతే ఎక్కడ కూర్చుంటవు? నాకు తెలవక అడుగుతున్నా."

దస్తగిరి సుత్తి దించాడు. "నేను వెయ్యి గరాటాలు చేసుంటా సైదమ్మా. అన్నీ సరిగ్గానే చేశా. ఒక్కడన్నా తలెత్తి చూశాడా?"

ఆమె వచ్చి అతని పక్కన చతికిలబడింది.

"నా చేతిలో తప్పుబడ్డది ఇదొక్కటే. బస్సెక్కినాక కూడా కిటికీలోంచి దీన్నే చూస్తున్నారు జనం. దీన్ని సరిచేస్తే ఇది కోడి. ఊళ్ళో కోళ్ళు శానా ఉన్నయ్."

సైదమ్మ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. గుర్తు పెట్టినచోట పైటకొంగుతో తుడిచింది. అది చెరిగిపోయింది, సుద్దముక్కతో పెట్టిన గుర్తే. తర్వాత లేచి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"చూస్తవేంది, ఆ సుత్తులియ్యి. దాగలి నువ్వు మొయ్యి, అది నా వల్ల కాదు."

మర్నాడు భూషణం కొట్టు తెరిచేసరికి ఆ మూల ఖాళీగా ఉంది. ఆయన నేను తిరిగి ఉంటాననుకున్నాడు గానీ, లేకుండా పోతాననుకోలేదు. వీధి మధ్యదాకా వచ్చి, "అదేందయ్యా, అంత పంతమా" అన్నాడట ఆదెమ్మతో. ఆమె చేపల మీద ఈగలు తోలుకుంటూ, "మీరే గదా శెట్టిగారూ, రెండే మాటలన్నారు. ఆయన రెండోది ఇన్నాడు" అందట. ఈ సంగతి ఆదెమ్మే వచ్చి చెప్పింది, నవ్వుతూ, కొంచెం మసాలా కలిపి.

ఇప్పుడు మాది తోపుడుబండి. సైదమ్మ ముందు పట్టుకుంటుంది, దస్తగిరి వెనక నెడతాడు. బండి మూలన నా చువ్వ. ఒక వీధిలో గాలి ఒక రకం, ఇంకో వీధిలో ఇంకో రకం. ఇన్నాళ్ళూ ఒక్క భూషణానికే చూపించిన తోకని ఇప్పుడు ఊరందరికీ చూపిస్తున్నాను, ఎవరూ కోప్పడలేదు. నా గలగల వినపడగానే ఆడవాళ్ళు చిల్లుబడ్డ డబ్బాలు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తారు. చిల్లు మూయించుకుని ఊరుకోరు. "దీనికి ఏదన్నా పెట్టు దస్తగిరీ, నవ్వొచ్చేది" అంటారు. కోపంగా ఉన్న తాబేలు పెడతాడు. పప్పుడబ్బా మూత మీద కూర్చుని అది ఆ ఇంట్లో అందర్నీ గుర్రుగా చూస్తూ ఉంటుంది. పొద్దున్నే పప్పు తీసేవాళ్ళు దాన్ని చూసి ఒకసారి నవ్వి, ఆ తర్వాత పొయ్యి వెలిగిస్తారు. అంతకు మించి మేం ఎవరికీ ఏమీ చెయ్యలేదు. అంతమాత్రం చేసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారో చూపించమనండి.

సుత్తి చప్పుడు ఆగలేదు. తండ్రులిద్దరూ అనుకున్న మాట ప్రకారం చూస్తే ఆ మూల ఇప్పటికీ మాదే. దస్తగిరి ఆ మాట ఎత్తడు. నేను ఎత్తుతాను, రేకుని కాబట్టి నాకు మొహమాటం లేదు.

ఆ మూల కప్పు కింద ఇప్పుడు భూషణం బకెట్లు దొంతర పెట్టాడు. నా చువ్వ దిగిన బెజ్జం పూడ్పించడానికి ఊళ్ళో వేరే రేకుపనివాడు లేడు. దస్తగిరిని పిలవడానికి ఆయనకు మనసొప్పదు. వాన పడితే అక్కడ ధారగా కారుతుంది, దాని కింద తన నీలం బకెట్ ఒకటి పెట్టుకున్నాడు. సాయంత్రం సముద్రపు గాలి రాగానే అలవాటు కొద్దీ తల ఎత్తి కప్పు వైపు చూస్తాడని, చూసి చప్పున దించుకుంటాడని ఆదెమ్మ చెప్పింది. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. నేను అక్కడ లేను.

ఇది నా కథ. ఇందులో పోయినదేమిటో కూడా కచ్చితంగా చెప్పి ఆపుతాను. దస్తగిరి ఆ మూల ఖాళీ చేసిన రోజు అడుగు ముందు అడుగు పెట్టి కొలిచి చూసుకుని మరీ కదిలాడు. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరడుగులు. ఐదు చదరపు గజాలు, ఆ పైన మూడు చదరపు అడుగులు.