పదకొండు పేజీల తెలుగు

మంథని బస్టాండు ఎదురుగా రమకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. తెలుగు ఎమ్మే చదివి, టీచరు ఉద్యోగానికి మూడుసార్లు పరీక్ష రాసి, మూడుసార్లూ కొద్దిలో తప్పి, చివరికి ఆ షాపు పెట్టుకుంది. దరఖాస్తులు, పెళ్లి పత్రికలు టైపు చేస్తుంది. ఎవరు తప్పు తెలుగు రాసుకొచ్చినా అడగకుండానే దిద్దుతుంది.

దీపావళి వెళ్లిన వారానికి ఆ షాపు ముందు భానుప్రసాద్ అనే ఆయన కారు దిగాడు. నాగులకుంట దగ్గర నాలుగు వందల ఎకరాల సర్కారు భూమిని బొగ్గు తవ్వుకోవడానికి ఒక ప్రైవేటు కంపెనీ లీజుకు అడుగుతోంది. గని వస్తే అక్కడి గాలికీ నీళ్లకూ నేలకూ ఏమవుతుందో తేల్చి రాసే పని ఆయనది. మూడు వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో తయారైంది. దాని సారాంశాన్ని తెలుగులో పంచాయతీ ఆఫీసులో పెట్టాలి, నెల తర్వాత ఊళ్లోనే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అది రూలు.

“ఎల్లుండికల్లా తెలుగు చేసివ్వండి మేడమ్. మరీ కష్టపడకండి, ఎవరూ చదవరు. రూలు ఉంది కాబట్టి పెట్టడం, అంతే,” అన్నాడు. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు సారాంశమూ, నమూనాకని వేరే గనికి చేయించిన తెలుగు ప్రతి ఒకటీ చేతికిచ్చాడు.

రమ ఆ నమూనాలో ఒక పేజీ చదివింది. గనిలో నుంచి తోడి గుట్టలుగా పోసే మట్టి ‘అధిక భారం’ అయింది. లారీలు లేపే దుమ్ము ‘పారిపోయిన ధూళి’ అయింది. ఏ ఫోనో చేసిన అనువాదం. ఊళ్లకు ఊళ్లు లేచిపోయే సంగతి రాయడానికి, పెళ్లి పత్రిక మీద పెట్టేపాటి శ్రద్ధ కూడా పెట్టలేదు వీళ్లు, అనుకుంది.

“సార్, మీరు గా భూమి మీదికి పోయిన్రా?”

“అవసరమేముంది? ఉపగ్రహం ఫోటోలు ఉన్నాయి కదా. వట్టి బంజరు.”

రమ ఆయన బూట్లు చూసింది. ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉన్నాయి. మూడు వందల పేజీలు రాసినా వాటికి పిసరంత దుమ్మైనా అంటలేదు. ఆమెకు కోపం రాలేదు. నడుస్తుంటే కాలి కింద మెత్తగా ఏదో తగిలితే కలిగే ఏవగింపు కలిగింది.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టింది. భూమి వినియోగం పట్టికలో వృథా భూమి తొంభై ఆరు శాతం అని ఉంది. మేత భూమి లేదట. ఆ భూమిలోంచి పారే తుమ్మలవాగు పేరు ఎక్కడా లేదు. ఎండిన కాలువ ఒకటి ఉంది, దాన్ని మళ్లిస్తారట. పరిశీలన జరిగిన నెలలు మార్చి, ఏప్రిల్, మే. నడివేసవిలో వాగును చూసి నీళ్లు లేవని రాయడానికి ఇంత చదువు కావాలా అనుకుంది.

దాన్ని దిద్ది రాద్దామని చేయి లాగింది. కానీ మారిస్తే తప్పు తనదవుతుంది. ఆయన రాసింది రాసినట్టే, మనుషులకు అర్థమయ్యే తెలుగులో పెడితే చాలు. ఆయన బండారం ఆయనే బయట పెట్టుకుంటాడు.

మధ్యాహ్నం నాగులకుంట సత్తవ్వ పింఛను కాగితాలు జిరాక్స్ చేయించుకోవడానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆ భూమిలోనే మేకలు కాస్తుంది, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు ఏరుతుంది. రమ ఆమెను కూర్చోబెట్టి ఒక్కో వాక్యం చదివి వినిపించింది. అర్థం కాలేదన్న చోటల్లా మళ్లీ రాసింది.

“వృథా అంటే ఏంది బిడ్డా?”

“ఎవ్వలికి పనికిరానిదని, అవ్వా.”

సత్తవ్వ పింఛను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. “గట్లయితే గట్లనే రాయి. అందరు సదవాలె,” అంది.

మర్నాడు వచ్చిన భానుప్రసాద్ కాగితాలు చదవలేదు, ఎన్ని ఉన్నాయో చూసుకున్నాడు. “పద్నాలుగు పేజీలది పదకొండే అయిందేంటి?”

“తెలుగుల చెప్తె తక్కువైతది సార్.”

సంతోషంగా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తన నివేదిక గురించి ఊరికి ఏం చెబుతున్నాడో తెలుసుకోవాలన్నపాటి సిగ్గు కూడా ఆ మనిషికి లేదు.

నెల రోజుల్లో ఆ పదకొండు పేజీలు ఊరంతా తిరిగాయి. రేషను షాపు వరసలో ఒకరు చదివితే పదిమంది విన్నారు. ‘ఎండిపోయిన కాలువను పూడ్చి పక్కకు తిప్పుతారు’ అన్న చోట అందరూ ఆగారు. ఏ కాలువ అని పటం తిప్పి చూస్తే, అది తుమ్మలవాగు.

ప్రజాభిప్రాయ సేకరణ బడి మైదానంలో టెంటు కింద జరిగింది. కంపెనీ బస్సుల్లో తెచ్చిన జనం ముందు వరసల్లో కూర్చుని, ఉద్యోగాలొస్తాయని ఒకరి తర్వాత ఒకరు అదే పాఠం అప్పజెప్పారు. అదంతా విన్నాక, సభ నడుపుతున్న అదనపు కలెక్టరు మైకు ఊరివాళ్లకు ఇమ్మన్నాడు. సత్తవ్వ లేచింది.

“నాలుగో కాయితంల మా భూమి ఎవ్వలికి పనికిరాదని రాసిన్రు సారూ. ఊరి మ్యాకలు, గొడ్లు గాడనే బతుకుతున్నయి. మేము కనవడకపోతే మానె, గవి గూడ కనవడలేదా? వాగును ఎండకాలంల జూసి కాలువ అన్నరు. వానకాలంల ఒక్కపారన్న అచ్చిన్రా?”

భానుప్రసాద్ చప్పున లేచాడు. “అది అనువాదంలో లోపం సార్. ఇంగ్లీషు నివేదికలో అలా లేదు.”

రమ వెనక వరసలో ఉంది. ఆ మాట వినేదాకా ఆమెకు నోరు విప్పే ఉద్దేశం లేదు.

“అనువాదం చేసింది నేనే సార్. రెండూ సదువుత,” అంది.

ఒక ఇంగ్లీషు వాక్యం, దాని తెలుగు. మళ్లీ ఇంకొకటి. ఏడు వాక్యాలు చదివింది. అదనపు కలెక్టరు తన దగ్గరున్న ప్రతి మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు.

“సరిగ్గానే ఉందే,” అని భానుప్రసాద్ వైపు తిరిగాడు. “మీరు ఈ భూమిని చూశారా?”

“మా టీమ్ సార్...”

“మిమ్మల్ని అడిగాను.”

భానుప్రసాద్ నివేదిక పేజీలు తిప్పసాగాడు. జవాబు చెప్పలేదన్న సంగతి కూడా రికార్డులో రాయమన్నాడు అదనపు కలెక్టరు.

బయటికొచ్చాక భానుప్రసాద్ రమను ఆపాడు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్? ఇంకో నాలుగు గనుల పని మీకే ఇద్దామనుకున్నాను.”

“కందకు దురద లేదని మీకెవలు చెప్పిన్రు సార్? అడిగిన్రా?” అంది రమ. “మీ పని నాకద్దు. పారిపోయిన దుమ్మును పట్టుకునుడు నాతోని కాదు.”

వేసవి దాటకముందే, గనులకు పర్యావరణ అనుమతులు చూసే ఢిల్లీ కమిటీ ఫైలును వెనక్కి పంపింది. వానాకాలంలో మళ్లీ సర్వే చేసి, మేత భూమినీ వాగునూ పటంలో చూపించి తెమ్మంది. గని రద్దు కాలేదు, ఆగింది. రమ దానికి పొంగిపోలేదు. ఒక బూట్లవాడు పోతే ఇంకో బూట్లవాడు వస్తాడని ఆమెకు తెలుసు.

జూలైలో సర్వేకు కొత్త మనుషులు రానే వచ్చారు. తుమ్మలవాగు పొంగి పారుతోంది. మూడు రోజులు ఇవతలి గట్టునే, సత్తవ్వ ఇంటి వసారాలో నీళ్లు తగ్గేదాకా కాచుకున్నారు. ఆ సంగతి చెప్పడానికే సత్తవ్వ బస్సెక్కి రమ షాపుకు వచ్చింది.

“పటంల వాగును సన్నగ గీత గీసిండు పిలగాడు. జర ఎడల్పు గియ్యి బిడ్డా అన్న. గీసిండు,” అంది.

కొత్త నివేదిక సంక్రాంతి దాటాక వస్తుందని చెప్పారట. దాని తెలుగు ఎవరు రాస్తారో రమకు తెలియదు. ఎవరు రాసినా, చదివించుకోవడానికి ఊరివాళ్లు ఒక ప్రతిని తన బల్ల మీదికి తెస్తారని మాత్రం తెలుసు.