మడికొండ నుంచి కాజీపేట దాకా

"ఇగో, సాక్షి సంతకం ఇక్కడ పెట్టమ్మా," అంటూ ఓంప్రకాశ్ అట్టకు గుచ్చిన కాగితం చాపాడు. రోడ్డు పని చేయిస్తున్న కాంట్రాక్టరు దగ్గర అతను సూపర్‌వైజర్. వెంట మడికొండలో వాడ పెద్దగా తిరిగే సదానందం ఉన్నాడు. ఆసుపత్రి మంచం మీద, కుడికాలికి తొడ దాకా పట్టీతో మొగిలమ్మ ఉంది.

శోభారాణి కాగితం తీసుకుని చదివింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి, కూడబలుక్కోవాల్సిన పని లేదు. 'మొగిలమ్మ ఫోనులో మాట్లాడుతూ రోడ్డు నడుమకు వచ్చినందున' అన్న దగ్గర ఆగింది.

"మా అత్తకు ఫోనే లేదు," అంది.

"అదంతా రాసే పద్ధతమ్మా. ట్యాంకరు డ్రైవరు బతకాలె గదా," అన్నాడు ఓంప్రకాశ్.

మొగిలమ్మ ఆమెకు సొంత అత్త కాదు, వెనక గల్లీ మనిషి. కాజీపేటలో ఆడపిల్లల హాస్టల్ వంటగదిలో ఇద్దరికీ పని. పదకొండేళ్లుగా పొద్దున ఆరింటికి మడికొండలో బయలుదేరి తిన్నగా రోడ్డు పక్కనే నడిచి పోతారు. ఆ వేళకు షేర్ ఆటోలు పాలక్యాన్లతో నిండి వస్తాయి. లోపలి బాటన పోతే ఇంకో గంట పడుతుంది. రోడ్డు పక్క మట్టిబాట ఉండేది, ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిచేంత. దసరా ముందు దాన్ని జేసీబీతో గీకేశారు. మురుగునీటి మోరీ కోసం నిలువెత్తు గుంత తవ్వారు. తీసిన మట్టి ఒక దగ్గర పోశారు, సిమెంటు పైపులు ఒక దగ్గర పడేశారు. ఇక నడవడానికి మిగిలింది తారు రోడ్డే. ఆ తారు మీదే సోమవారం, శోభారాణి చూస్తుండగానే, కాంట్రాక్టరు నీళ్ల ట్యాంకరు మొగిలమ్మను గుద్ది గుంతలో పడేసింది.

"పెట్టరాదే బిడ్డా," అని మంచం మీంచి మొగిలమ్మ మూలిగింది. "గాళ్లతోటి మనకెందుకు?"

"నువ్వు సప్పుడు చెయ్యకు అత్తా!" శోభారాణి గొంతు వార్డంతా వినబడింది. పక్క మంచాల వాళ్లు లేచి చూశారు. ఇంత దెబ్బ తిని కూడా ఎవరికో భయపడుతున్న ఆ ముసలిదాన్ని చూస్తే ఆమెకు ఓంప్రకాశ్ మీది కన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"చెల్లె, జర నిమ్మళంగా," అన్నాడు సదానందం. "సారు మంచోడు."

"మంచోడైతే రేపు ఆరింటికి మా బస్టాండు కాడికి రమ్మను. నాతోని కాజీపేట దాకా నడువుమను. తారు మీద కాలు పెట్టకుంట నడిస్తే, ఆ కాగితం మీద నేను సంతకం పెడ్త."

ఓంప్రకాశ్ నవ్వాడు. కానీ కేసు తొందరగా తేలాలని పైనుంచి ఏమి ఒత్తిడి వచ్చిందో, మర్నాడు నిజంగానే వచ్చాడు. కారును తమ వెనకాల మెల్లగా తెమ్మని డ్రైవరుకు చెప్పాడు.

మొదటి ఫర్లాంగు బాగానే నడిచాడు. ఆ తర్వాత పైపులు అడ్డం వచ్చాయి. వాటి మీంచి ఎక్కి దిగాడు. మట్టికుప్ప దగ్గర కాలు జారి మోకాలి మీద పడ్డాడు. లేచి, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తారెక్కాడు.

"ఎక్కినవ్ గదా," అంది శోభారాణి.

"ఇక్కడొక్క దగ్గరే."

"ఇక్కడ నుంచి ఇంక అంతా గిట్లనే. నడువు."

వెనకనుంచి లారీ పెద్ద హారన్ కొట్టింది. ఓంప్రకాశ్ ఎగిరి గుంత అంచుకు దూకాడు. అంచు మట్టి విరిగి ఒక బూటు లోపలికి జారింది. చొక్కా పట్టుకుని ఆమే వెనక్కి లాగింది. అతను లారీ వెంట నాలుగడుగులు పరుగెత్తి, "కళ్లు కనబడ్తలేవారా! మనుషులు నడుస్తాంటే!" అని గొంతు చించుకున్నాడు. లారీ ఎప్పుడో పోయింది.

శోభారాణికి నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. "గదే మాట రాయి సారూ. మనుషులు నడుస్తాంటే అని రాయి. నిన్న ఫోను అని రాసినవ్, నడుమకొచ్చింది అని రాసినవ్. నీ బూటు జారితే మనుషులు యాదికొచ్చిన్రా?"

అతను చెయ్యెత్తి కారును పిలిచి ఎక్కాడు. "నువ్వు కూడా ఎక్కమ్మా, దింపుతా," అన్నాడు లోపల్నుంచి. ఆమె అటు చూడను కూడా లేదు.

మిగిలిన దూరం ఒక్కతే నడిచింది. హాస్టల్‌కు పోకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయింది. రైటర్ టీ తాగుతున్నాడు. సాక్ష్యం చెప్తానంది, చెప్పింది. బాట ఎట్లా పోయిందో, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ట్యాంకరు ఏ పక్కనుంచి వచ్చిందో అంతా రాయించింది. అతను పెన్ను మూయబోతుంటే ఆపింది.

"ఇంకోటి రాయిన్రి. ఆమె వెనక పడుతాంటే, జల్ది నడువు అత్తా, ఆల్సమైతాంది అని నేనే ఒర్రిన. గుంత అంచుకు మెల్లగ వస్తాండె. నా మాటకే తారు మీదికెక్కింది."

రైటర్ తలెత్తి చూశాడు. "గది కేసుకు అక్కెర లేదమ్మా. మీకే నష్టం."

"జరిగింది జరిగినట్టు రాయిన్రి సార్. అబద్ధం రాసేటోళ్లు వేరే ఉన్నరు."

రాయించి, చదివి, సంతకం పెట్టింది.

వారానికి ట్యాంకరు డ్రైవరు మీద కేసైంది. కాంట్రాక్టరు పేరు అందులో లేదు. పైపులు గుంతలోకి దించారు కానీ మట్టికుప్పలు అట్లనే ఉన్నాయి. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దని డాక్టరు మొగిలమ్మకు చెప్పాడు.

రాయించిన సంగతి విని మొగిలమ్మ ముఖం గోడకు తిప్పుకుంది. అటే చూస్తూ, "పదకొండేండ్ల సంది రోజూ ఒర్రుతనే ఉన్నవ్," అంది. "గా ఒక్కనాడే నీ మాట ఎందుకిన్ననో."

శోభారాణి ఆమె దుప్పటి సర్దింది. మంచినీళ్ల సీసా అందేట్టు పెట్టింది. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి గోడను అరచేత్తో ఒక్కటి చరిచింది. మర్నాడు ఆరింటికి మళ్లీ రోడ్డెక్కింది, ఒక్కతే.